చెత్త ఉత్తరాలకు మన చిరునామా ఎట్లు దొరుకును?

వేరుసెనగలో కలుపు తీయుటకు ఎంత ఖర్చగునో ఓబులదేవరచెరువు ప్రాంతపు రైతు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు. కలుపు గింజ చేనిలో పడకుండ చూచుకొన్నవానికి ఆ ఖర్చు తగ్గును. ఈ-మెయిలుకు, సెల్ ఫోనుకు వచ్చిపడు చెత్త ఉత్తరాల సంగతియు ఇట్టిదే. వీటినే స్పామ్ అందురు. “నేనెవరికీ చిరునామా ఇవ్వలేదే, వీరికెట్లు తెలిసినది?” అని పలువురు అడుగుచుందురు. చాలవరకు ఇచ్చినది మనమే.

ఈ పని కొత్తది కాదు. 1978 మే 3వ తేదీన అమెరికాలో గేరీ థర్క్ అను కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి, అచ్చయిన డైరెక్టరీ నుండి చిరునామాలు తీయించి, సుమారు 400 మందికి ఒకేసారి అమ్మకపు ప్రకటన పంపెను. నాడు మనిషి చేసిన పనిని నేడు యంత్రము చేయుచున్నది.

చిరునామాలు వారి చేత చిక్కు మార్గములు నాలుగు.

మొదటిది, బహిరంగముగ వ్రాయుట. ఇంటర్నెట్టులోని పేజీలను ఒకదాని వెనుక ఒకటి చదువుచు, నడుమ ‘ఏట్’ గుర్తు గల ప్రతి మాటను ఏరుకొను ప్రోగ్రాములు కలవు.

రెండవది, ఊహ. వాడుకలోనున్న పేర్లకు అంకెలు చేర్చి లక్షల చిరునామాలు అల్లి పంపుదురు. తిరిగి రాని ఉత్తరము చేరినదని గ్రహింతురు. ఫోనుకైతే అంత శ్రమయు లేదు. పది అంకెలను వరుసగా మార్చుచు పోయిన చాలును.

మూడవది, మనము నింపు కాగితములు. లక్కీ డ్రా కూపన్లపైనను, ఉచిత బహుమతుల ఫారములపైనను వ్రాసిన వివరములు చేతులు మారును. కంపెనీల వద్దనున్న జాబితాలు దొంగలపాలగుటయు కలదు.

నాలుగవది, ఎవరిదో తెలియని యాప్. ఫోనులోని నెంబర్లు చూచుటకు అది అనుమతి కోరును. ఒక్కరు ‘సరే’ అని నొక్కినచో ఆ ఫోనులోనున్న బంధువుల, ఇరుగుపొరుగు వారి నెంబర్లన్నియు పోవును.

ఇందు నా పొరపాటును గూడ చెప్పవలెను. మునుపు పనిచేసిన ఒక చోట, విత్తనములు పొందు రైతుల జాబితాను పేర్లు, ఫోను నెంబర్లతో సహా గోడకు అంటించితిని. ఎవరో దానిని ఫొటో తీసి వాట్సాప్ లో పంపిరి. నెల తిరుగకముందే ఆ రైతులలో కొందరికి, వారిని పేరు పెట్టి పిలుచుచు, అప్పులిప్పింతుమని ఫోనులు రాసాగెను. అవి ఆ జాబితా వల్లనే వచ్చినవని రుజువు లేదు. అయినను నాటినుండి గోడ మీది జాబితాలో నెంబరు వేయుట మానితిని.

పేరు, ఊరు తెలిసినవాడు వ్రాసిన ఉత్తరమును నమ్ముట సులభము. ప్రమాదమంతయు ఇందే యున్నది. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ పథకము క్రింద సంవత్సరమునకు రూ. 6,000 మూడు విడతలుగ రైతు ఖాతాలో పడును. ఆ పథకము పేరుతోనే దొంగ ఏపీకే ఫైళ్ళు వాట్సాప్ లో తిరిగినవి. వాటిని తెరచి ఫోనులో ఎక్కించినచో ఓటీపీలు దొంగలకు చేరి, ఖాతా ఖాళీ కాగలదు.

రైతు సోదరులు పాటింపవలసిన జాగ్రత్తలు:

1. రెండు ఈ-మెయిలు చిరునామాలు ఉంచుకొనవలెను. ఒకటి బ్యాంకుకు, ప్రభుత్వ పనులకు; రెండవది దుకాణములకు. రైతు సంఘమువారు ప్రకటనలలో సంఘపు చిరునామాయే వేయవలెను.

2. చెత్త ఉత్తరమునకు జవాబు వ్రాయరాదు, అందలి బొమ్మలను తెరువరాదు. తెరచినచో చిరునామా వాడుకలో నున్నదని వారికి తెలియును. ‘ఇక పంపవద్దు’ అను మీటను తెలిసిన కంపెనీ ఉత్తరములోనే నొక్కవలెను.

3. ఊరక చెరిపివేయక, ‘స్పామ్’ అని గుర్తు పెట్టవలెను. అట్టివానిని వేరుచేయుట మెయిలు యంత్రము దీనివలన నేర్చుకొనును.

4. ప్రకటనల ఫోనులు వద్దనుకొన్నచో 1909కు ఫోను చేసి నమోదు చేయించుకొనవలెను.

5. వాట్సాప్ లో వచ్చిన ఏపీకే ఫైలును తెరువరాదు. ఓటీపీ ఎవ్వరికిని చెప్పరాదు. సందేహము కలిగిన రైతు సేవా కేంద్రములో అడుగవలెను.

6. సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930కు ఫోను చేయవలెను. ఆలస్యము కానిచో సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అవకాశము కలదు.

ఒకసారి జాబితాకెక్కిన నెంబరును తిరిగి తీసికొనుట ఎవరి తరము కాదు. కాబట్టి కాగితముపై వ్రాయుటకు ముందు, ఇది వీరికి ఎందులకని అడుగుడు. అడిగినవాడు నావంటి అధికారియైనను సరే.