బొగ్గుబాయి కింది నేల ఎవరిది?

గోదావరిఖనిలో పెరిగిన మాకు చరిత్ర అంటే బాయితోనే మొదలు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనుక్కొన్నాడు, 1886లో దక్కన్ కంపెనీ పుట్టింది, 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఇల్లెందులో ఒక బొగ్గు పొరకు కింగ్ సీం అని ఆయన పేరే పెట్టిండ్రు. ఆ అడవిలో ముందునుంచీ ఉన్న కోయల పేరు మాత్రం ఏ పొరకూ లేదు. ‘కనుక్కొన్నారు’ అనే మాటలోనే అక్కడ మనుషులు లేరన్న అబద్ధం ఉంది.

ఈ అబద్ధం ఎట్ల పనిచేస్తదో చూడాలంటే బొగ్గున్న ఇంకో నేలకు పోవాలె. అమెరికాలోని డెలావేర్ నదీ ప్రాంతం లెనాపె జనానిది. నేలను కలిసి వాడుకోవడమే వాళ్లకు తెలుసు, శాశ్వతంగా అమ్ముకోవడం తెల్వదు. 1737లో విలియం పెన్ కొడుకులు ఒక పాత దస్తావేజు చూపెట్టి, మనిషి ఒకటిన్నర రోజులో నడిచినంత మేర తమదేనన్నరు. లెనాపెలు మామూలు నడకే అనుకున్నరు. పెన్ మనుషులు ముందుగానే బాట నరికించి, వేగంగా పోయే ముగ్గురిని దింపిండ్రు. అరవై మైళ్లు దాటించి, సుమారు 12 లక్షల ఎకరాలు కొలుచుకున్నరు. ఆ నడక ఆగింది మాక్ చంక్ అనే చోటుకు దగ్గర్లో. 1791లో ఆ పక్కనే బొగ్గు దొరికింది. అప్పటికే లెనాపెలను పడమటికి తరిమేసిండ్రు. ఇవాళ వాళ్ల వారసులు ఓక్లహామాలో, విస్కాన్సిన్‌లో, కెనడాలో ఉన్నరు.

మన దగ్గర నడిచి కొలవలేదు, పట్టాతో కొలిచిండ్రు. చాందాలో గోండు రాజుల పాలన 1751లో మరాఠాల చేతిలో ముగిసింది. తర్వాత నిజాం ఏలుబడిలో రిజర్వు అడవి గీతలు గీసిండ్రు, బయటోళ్లకు పట్టాలిచ్చిండ్రు. దున్నినోడి దగ్గర కాగితం లేదు, కాగితం ఉన్నోడు దున్నలేదు. కొమురం భీము కుటుంబం దున్నిన చేను తన పట్టా అని ఒకడు రావడంతోనే గొడవ మొదలైందని ఆదిలాబాద్‌లో చెప్పుకుంటరు. 1940లో జోడేఘాట్‌లో భీమును చంపినంకనే సర్కారు హైమెండార్ఫ్‌ను పంపి గోండుల బాధ రాయించుకున్నది. గోండులు చెప్తే వినని మాట యూరపు పండితుడు రాస్తే వినబడ్డది. ఆ 1940లలోనే కొందరికి పట్టాలొచ్చినయ్.

ఇక్కడ మా సంగతి కూడా చెప్పుకోవాలె. మా తాతలు దొరల వెట్టి తప్పించుకొని బాయికొచ్చిండ్రు. మస్తరులో పేరెక్కినంకనే నెల జీతం, పిల్లలకు బడి, చివరికి మాకు యూనివర్సిటీ. మాక్ చంక్ గనుల్లో కూడా పేద ఐరిష్ కూలీలే దిగిండ్రు. 1877లో అక్కడి జైల్లోనే నలుగురు ఐరిష్ కార్మికులను ఉరి తీసిండ్రు. కాని ఆ బాధను చెప్పే చరిత్రల్లో లెనాపెలు అరుదు. మేం రాసుకునే కార్మిక చరిత్రలో గోండులు, కోయలు ఎన్ని పేజీల్లో ఉన్నరు?

1970 నాటి 1/70 చట్టం ఈ కాగితం లెక్కను తిప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమిని, వేరుగా రుజువయ్యేదాకా, గిరిజనుల నుంచి వచ్చినదిగానే భావించాలన్నది. గోదావరి ఆవల బొగ్గు పట్టణం మందమర్రి ఆ ప్రాంతంలోనే ఉన్నది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు అక్కడి సర్కారు భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజు కూడదన్నది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం ఆ అడ్డు పెట్టలేదు.