పేరున్న బండి: టొయోటా చరిత్ర, దాని పరపతి

‘బ్రాండ్ ప్రతిష్ఠ’ అనే మాటను మీరు ఇంతకు ముందు పాఠాల్లో చదివే ఉంటారు. నిర్వచనాన్ని కంఠస్థం చేస్తే పరీక్షలో రెండు మార్కులు వస్తాయి గాని, విషయం బోధపడదు. అందుకే ఈ పాఠంలో ఒకే ఒక్క కంపెనీని తీసుకుందాం. దానికి పేరు ఎలా వచ్చింది, ఆ పేరు వల్ల ఎవరికి లాభం, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారు, ఆ పేరు ఎక్కడ దెబ్బతిన్నది అనే విషయాలను పరిశీలిద్దాం. ఆ కంపెనీ జపాన్‌కు చెందిన టొయోటా. దాని పరపతిని గమనించడానికి జపాన్ దాకా వెళ్లనక్కర లేదు. హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు, నాలుగు మెట్రో స్టేషన్ల మేర ఉన్న రోడ్డు చాలు. పోటీ పరీక్షల కోచింగ్ కోసం దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ ఈ డిగ్రీ చదువుతున్నవారు మీలో కొందరు ఉంటారు. వారికి ఇది రోజూ నడిచే దారే.

రోడ్డు మీద కనిపించేది

ఎల్.బి.నగర్ చౌరస్తా దగ్గర విజయవాడ రోడ్డు, నాగార్జునసాగర్ రోడ్డు చీలిపోతాయి. సూర్యాపేట, నల్లగొండ, ఖమ్మం, విజయవాడ వైపు వెళ్లేవారికి ఇది ఊరి గుమ్మం లాంటిది. బస్సులతో పాటు పసుపు నంబరు ప్లేటున్న అద్దె కార్లు కూడా ఇక్కడ తిరుగుతుంటాయి. ఇంట్లో పెళ్లి ఉన్నా, తిరుపతికి వెళ్లాలన్నా మనవాళ్లు ఏమంటారో గుర్తు చేసుకోండి. ‘ఏడుగురు పట్టే కారు కావాలి’ అనరు, ‘ఒక ఇన్నోవా మాట్లాడండి’ అంటారు. ఒక కంపెనీ పెట్టిన పేరు ఆ రకం బండ్లన్నింటికీ మారుపేరు అయిపోయింది. మార్కెటింగ్‌లో ఇంతకు మించిన స్థానం లేదు.

ఇందులో చిన్న వింత ఉంది. టొయోటా మన దేశానికి మొదటిసారి వచ్చినప్పుడు ఆ అదృష్టం వేరొకరికి దక్కింది. 1980లలో తేలికపాటి లారీల తయారీకి నాలుగు జపాన్ కంపెనీలు భారతీయ సంస్థలతో చేతులు కలిపాయి. ఢిల్లీ దగ్గర డి.సి.ఎం.తో టొయోటా, మన జహీరాబాదులో హైదరాబాద్ ఆల్విన్‌తో నిస్సాన్, మిగతా చోట్ల ఐషర్‌తో మిత్సుబిషి, స్వరాజ్‌తో మజ్దా. ఆల్విన్ నిస్సాన్ కొన్నేళ్లకే మహీంద్రా చేతికి వెళ్లింది. డి.సి.ఎం.–టొయోటా భాగస్వామ్యం కూడా నిలవలేదు. కాని కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో బత్తాయిలు దించే మధ్యరకం లారీ ఏ కంపెనీదైనా అందరూ దాన్ని ‘డి.సి.ఎం.’ అనే పిలిచేవారు. ఇప్పటికీ మన పత్రికలు ‘డి.సి.ఎం. బోల్తా’ అనే రాస్తాయి. బండి టొయోటాది, జనం నోట నిలిచిన పేరు మాత్రం భాగస్వామిది. మంచి వస్తువును తయారు చేసినంత మాత్రాన పేరు దానంతట అది రాదు అనడానికి ఈ ఉదాహరణ చాలు.

మగ్గం నుంచి మోటారుకు

టొయోటా మూలం మోటారులో లేదు, మగ్గంలో ఉంది. సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. తల్లి మగ్గం మీద పడే కష్టాన్ని చూసి మెరుగైన చెక్క మగ్గాన్ని తయారు చేశాడని చెబుతారు. దానికి 1891లో పేటెంటు వచ్చింది. మన ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసుయంత్రం కనిపెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. దేశాలు వేరు, కాలాలు వేరు, కాని పనికి పురికొల్పిన కారణం ఒక్కటే.

చేనేత మగ్గం మీద పడుగు పోగు తెగితే నేతగాడి కంటికి ఆనుతుంది. పని ఆపి, పోగు అతికి, మళ్లీ మొదలు పెడతాడు. ఎల్.బి.నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుని పోచంపల్లి వెళ్లి ఏ నేత ఇంట్లో అడిగినా ఇది చెబుతారు. మరమగ్గానికి కళ్లు లేవు. పోగు తెగినా అది నేస్తూనే పోతుంది, గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది. సకిచి తన యంత్రాల్లో సాధించినది ఇదే: పోగు తెగితే మగ్గం దానంతట అదే ఆగిపోవాలి. 1924లో తుదిరూపం దిద్దుకున్న ఆయన స్వయంచాలక మగ్గం హక్కుల కోసం 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ కంపెనీ ఒప్పందం చేసుకుంది. బట్టల యంత్రాలకు పుట్టిల్లయిన దేశం జపాన్ దగ్గర పేటెంటు కొనడం అప్పట్లో మామూలు విషయం కాదు.

సకిచి కొడుకు కిఇచిరో, 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం తెరిచాడు. 1936లో ఇంటిపేరైన ‘టొయోడా’ను బండ్ల కోసం ‘టొయోటా’గా మార్చారు. జపాన్ లిపిలో ఈ పేరును ఎనిమిది గీతలతో రాయవచ్చు, ఎనిమిది వారికి శుభసంఖ్య. (సంఖ్యాశాస్త్రం పిచ్చి మనకే ఉందనుకోకండి.) 1937లో టొయోటా మోటార్ వేరే కంపెనీగా ఏర్పడింది. యుద్ధం తర్వాత 1950లో దివాలా అంచుకు చేరింది. కార్మికులను తొలగించవలసి వచ్చింది, సమ్మె జరిగింది, కిఇచిరో రాజీనామా చేశాడు. ఆ ఏడాదే కొరియా యుద్ధం మొదలై అమెరికా సైన్యం లారీలకు ఆర్డర్లు ఇవ్వడంతో కంపెనీ ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత తైఇచి ఓనో అనే ఇంజనీరు మగ్గం సూత్రాన్ని కార్ల కర్మాగారానికి తెచ్చాడు. లోపం చూసిన ఏ కార్మికుడైనా తాడు లాగితే పైవాళ్లు పరుగెత్తుకు వస్తారు. అక్కడికక్కడే సరిచేయలేకపోతే మొత్తం వరుస ఆగిపోతుంది. ఇక్కడ గమనించవలసింది యంత్రాన్ని కాదు, అధికారాన్ని. ఆపితే నష్టం వస్తుందని తెలిసీ, ఆపే హక్కును కింది కార్మికుడికి ఇచ్చారు. కైజెన్, కాన్‌బాన్ వంటి పదాలు తర్వాతి యూనిట్‌లో వస్తాయి కనుక వాటి దగ్గర ఆగడం లేదు.

పేరు ఒక్క రోజులో రాలేదు. 1957లో అమెరికాకు పంపిన ‘క్రౌన్’ కారు అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేకపోయింది, వెనక్కి తెచ్చుకున్నారు. 1966లో వచ్చిన ‘కరోలా’, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి పరిస్థితిని మార్చాయి.

క్వాలిస్, ఇన్నోవా

కిర్లోస్కర్ సంస్థతో కలిసి టొయోటా 1997లో మళ్లీ వచ్చింది. బెంగళూరు దగ్గర బిడదిలో ఫ్యాక్టరీ పెట్టింది. 2000లో ‘క్వాలిస్’ అమ్మకాలు మొదలయ్యాయి. అది ఇండోనేషియాలో నడుస్తున్న పాత నమూనా. చూడటానికి డబ్బా లాగా ఉందని, పాత బండిని మనకు అంటగడుతున్నారని విమర్శలు వచ్చాయి. విమర్శలో నిజం లేకపోలేదు. అయినా ట్రావెల్స్ వాళ్లు దాన్నే కొన్నారు. వాళ్లు అందం చూడరు. బండి షెడ్డులో ఎన్ని రోజులు పడి ఉంటుంది, రోడ్డు మీద ఎన్ని రోజులు తిరుగుతుంది అన్నదే వాళ్ల లెక్క. ఐ.టి. కంపెనీల రాత్రి షిఫ్టుల క్యాబులుగా క్వాలిస్‌లు నగరమంతా తిరిగాయి. అమ్మకాలు బాగుండగానే 2005లో కంపెనీ దాన్ని ఆపేసి, ఇన్నోవాను తెచ్చింది. చాలామంది ఇది తెలివితక్కువ పని అన్నారు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు.

ఒక విషయం గుర్తించండి. ఇక్కడ పేరు తెచ్చింది ప్రకటనలు కాదు. అదే బండి రోజూ వేరువేరు కుటుంబాలను ఎక్కించుకుని శ్రీశైలం, తిరుపతి తిరిగి వచ్చింది. ప్రతి ప్రయాణికుడూ డ్రైవరును ‘ఎలా ఉంది బాబూ బండి?’ అని అడుగుతాడు. డ్రైవరు చెప్పేది సొంత అనుభవం, పైగా అలా చెప్పడం వల్ల అతనికి వచ్చేదేమీ లేదు. అందుకే ఆ మాటకు విలువ.

పాత కార్ల బజారు చెప్పే పాఠం

ఎల్.బి.నగర్ చుట్టుపక్కల పాత కార్లు అమ్మేవారు చాలామంది ఉన్నారు. అర్థశాస్త్రంలో జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇలాంటి బజారు గురించే. దానికి సంబంధించిన కృషికి ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఆయన వాదాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం.

ఒక కంపెనీ పాత కార్లలో సగం మంచివి, వాటి విలువ 6 లక్షలు. సగం లోపాలున్నవి, విలువ 3 లక్షలు. ఏది ఏదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కనుక కొనేవాడు సగటున 4.5 లక్షలకు మించి ఇవ్వడు. మంచి కారున్నవాడు లక్షన్నర నష్టానికి ఎందుకు అమ్ముతాడు? ఇంట్లోనే ఉంచుకుంటాడు. బజారులో చెడ్డ కార్లే మిగులుతాయి. ఆ సంగతి కొనేవాడికీ అర్థమై ధర ఇంకా పడిపోతుంది.

ఇప్పుడు మరో కంపెనీని తీసుకోండి. దాని కార్లలో మంచిది 6 లక్షలు, నాసిది కూడా 5 లక్షలు చేస్తుందని జనం నమ్మకం. సగటు ధర 5.5 లక్షలు. మంచి కారున్నవాడు పోగొట్టుకునేది 50 వేలే కనుక అతను బజారుకు వచ్చే అవకాశం ఎక్కువ. పరపతి చేసే అసలు పని ఇదే. కొనేవాడి అజ్ఞానాన్ని అది పోగొట్టదు, ఆ అజ్ఞానం వల్ల కలిగే నష్టాన్ని తగ్గిస్తుంది.

అయితే దీనికి రెండో వైపు ఉంది, పుస్తకాలు దాన్ని అంతగా చెప్పవు. కొత్త ఇన్నోవా కొన్న కుటుంబానికి రీసేల్ ధర లాభం. అదే బండిని ఏడెనిమిదేళ్ల తర్వాత ఫైనాన్సులో కొని ట్రావెల్స్‌కు తిప్పుకునే డ్రైవరుకు ఆ ధరే భారం. కంపెనీ పేరుకు అతను నెలనెలా కిస్తీ కడుతున్నాడు. పైగా ఆ పేరు హామీ ఇచ్చేది బండి ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందన్న దానికే. మొదటి యజమాని ఆయిల్ మార్చాడా, గుద్దించి రంగు వేయించాడా, మీటరు వెనక్కి తిప్పించాడా అన్నవాటికి కంపెనీ పేరు పూచీ కాదు. మీ ఇంట్లో ఎవరైనా ఉపాధి కోసం పాత బండి కొనబోతుంటే, సర్వీసు రికార్డు చూడమనండి, తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లమనండి. పేరున్న బండి అయితే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే పేరు చూసి మనం పరీక్షించడం మానేస్తాం.

(వాణిజ్య విద్యార్థులకు ఒక మాట: కంపెనీ తనంతట తాను సంపాదించుకున్న ఇలాంటి పేరు ఆస్తి–అప్పుల పట్టీలో కనిపించదు. కొన్న బ్రాండును చూపవచ్చు, సొంతంగా పెంచుకున్న దాన్ని చూపకూడదన్నది అకౌంటింగ్ ప్రమాణం.)

అరువు పేరు

2010 డిసెంబరులో వచ్చిన ‘ఎతియోస్’ గట్టి బండే. కాని అది క్యాబుల బండిగా ముద్రపడి, సొంతానికి కొనేవారు తగ్గారు. 2020లో ఆగిపోయింది. 2009లో వచ్చిన ‘ఫార్చ్యూనర్’ది ఇందుకు పూర్తిగా విరుద్ధమైన కథ. మన దగ్గర రాజకీయ నాయకుడికి, రియల్ ఎస్టేట్ వ్యాపారికి అది హోదా చిహ్నం అయింది. మన్నికకు వచ్చిన పేరు వేరు, హోదాకు వచ్చిన పేరు వేరు. ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని చంపుతుంది కూడా.

2019లో వచ్చిన ‘గ్లాంజా’ మరీ ఆసక్తికరం. అది మారుతీ సుజుకి ‘బలెనో’యే. సుజుకితో ఒప్పందం ప్రకారం టొయోటా గుర్తు పెట్టి అమ్ముతున్నారు. రెండింటికీ యంత్రం ఒకటే అయినప్పుడు, కొనేవాడు ఒకదాన్ని వదిలి మరొకదాన్ని ఎందుకు ఎంచుకుంటాడు? వారంటీ, షోరూం సేవ, గుర్తు మీద నమ్మకం. పేరును యంత్రం నుంచి విడదీసి చూడడానికి ఇంత చక్కని ప్రయోగశాల దొరకదు.

ఆగని మగ్గం

2009–10లో టొయోటా కార్లు తమంతట తామే వేగం అందుకుంటున్నాయని అమెరికాలో ఫిర్యాదులు వెల్లువెత్తాయి. కాళ్ల కింది మ్యాటు, అతుక్కుపోయే యాక్సిలరేటర్ పెడల్ వంటి కారణాలతో ప్రపంచవ్యాప్తంగా 80 లక్షలకు పైగా బండ్లను వెనక్కి పిలిచారు. కిఇచిరో మనుమడు, అప్పటి అధ్యక్షుడు అకియో టొయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెసు ముందు హాజరై, కంపెనీ మరీ వేగంగా పెరిగిందని అంగీకరించాడు. భద్రతా లోపాల గురించి వినియోగదారులను తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

రెండో సంఘటన మనకు ఇంకా దగ్గరిది. 2023లో టొయోటా అనుబంధ సంస్థ డైహత్సు, భద్రతా పరీక్షల్లో అక్రమాలు చేసినట్లు బయటపడింది. ఆ తర్వాత డీజిల్ ఇంజన్ల శక్తి పరీక్షల్లో కూడా తేడాలు బయటపడ్డాయి. అమ్మే ఇంజన్లలో ఉండే సాఫ్ట్‌వేర్‌ను కాక వేరొకదాన్ని వాడి, ఫలితాలు నిలకడగా కనిపించేలా చేశారు. దానితో 2024 జనవరి చివర మన దేశంలో ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ బండ్లను డీలర్లకు పంపడం కొద్ది రోజుల పాటు ఆపేశారు. ఆ ఇంజన్లు తయారు చేసిన సంస్థ టొయోటా ఇండస్ట్రీస్. 1926లో సకిచి మగ్గాల కోసం పెట్టిన కంపెనీకి నేటి పేరు అదే. పోగు తెగితే ఆగిపోవాలన్న సూత్రం పుట్టిన ఇంట్లోనే, పోగు తెగిందని తెలిసీ నేస్తూ పోయారు.

ఫిబ్రవరిలో బండ్ల సరఫరా మళ్లీ మొదలైంది. ఎల్.బి.నగర్‌లో ఇన్నోవా మాట్లాడుకునేవారిలో ఈ సంగతి విన్నవారు ఎందరుంటారు?

అభ్యాసం: మీకు దగ్గరలో పాత కార్లు అమ్మే రెండు చోట్లకు వెళ్లండి. ఒకే సంవత్సరపు, దాదాపు ఒకే కిలోమీటర్లు తిరిగిన గ్లాంజా, బలెనోల ధరలు అడిగి రాసుకోండి. తేడా ఉంటే, అందులో పేరుకు ఎంత, వారంటీకి ఎంత, బండి స్థితికి ఎంత అన్నది ఎలా విడదీస్తారో రెండు పుటలకు మించకుండా వివరించండి.