కిన్నెరకు 12 మెట్లు, కంప్యూటర్‌కు 208 ముక్కలు

పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగ వాద్యం పేరు చాలామంది చెవిన పడింది 2021లో, ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో. కిన్నెర పట్టుకుని ఆ పాట ఎత్తుకున్నది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలానికి చెందిన దర్శనం మొగులయ్య. మరుసటి ఏడాదే ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పాత పాలమూరు జిల్లా ఊళ్లకు మాత్రం ఆ మోత కొత్త కాదు. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ లాంటి జానపద గాథలు అక్కడ కిన్నెర మీదే నడిచాయి.

ఈ వాద్యాన్ని కీబోర్డు మీద పలికించాలంటే ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డు చేసి, ఒక్కో మీటకు అతికించాలి. దీన్నే శాంప్లింగ్ అంటారు. ఒక్క తీగకే లెక్క వేద్దాం. 12 మెట్లు (తీగను వేలితో నొక్కే చోట్లు), వట్టి తీగ కలిపి 13 స్వరాలు. మెల్లగా మీటినప్పటి నాదం వేరు, గట్టిగా మీటినప్పటిది వేరు కాబట్టి కనీసం 4 స్థాయిలు కావాలి. ఒకే ముక్క మళ్లీ మళ్లీ మోగితే చెవి ఇట్టే పసిగడుతుంది. అందుకే ప్రతి స్థాయినీ 4 సార్లు మీటించాలి. మొత్తం 208 ముక్కలు. ఒక్కోటి 5 సెకన్లు అనుకుంటే 17 నిమిషాల పైచిలుకు. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు, స్టీరియో అయితే దాదాపు 300 మెగాబైట్లు. మామూలు ఫోన్‌లో కూడా పట్టేస్తుంది.

అసలు చిక్కు శ్రుతి దగ్గర. శ్రుతిని సెంట్లలో కొలుస్తారు: కీబోర్డులో ఒక ఆక్టేవ్‌కు 1,200 సెంట్లు, పక్కపక్క మీటల మధ్య సరిగ్గా 100. కిన్నెర మెట్లను మైనంతో అతికిస్తారు, చోటు నిర్ణయించేది వాయించేవారి చెవి. ఏదైనా మెట్టు 100 దగ్గర కాకుండా 90 దగ్గరో 115 దగ్గరో పలికితే, సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో దాన్ని ‘సరిచేస్తుంది’. ఆ నొక్కుతో కిన్నెర పోయి గిటార్ లాంటిదేదో మిగులుతుంది. నన్నడిగితే మొదటి నియమం ఇదే: శ్రుతిని దిద్దొద్దు, కొలిచి రాసిపెట్టండి.

వేలు మెట్టు నుంచి మెట్టుకు జారే మలుపు మరో సంగతి. కీబోర్డు, కంప్యూటర్ మాట్లాడుకునే మిడి (MIDI) పద్ధతిలో స్వరాన్ని వంచడానికి 16,384 అంచెలున్నాయి, గణితానికి లోటు లేదు. కానీ ఏ మలుపు ఎంతసేపు నిలవాలో కథ చెప్పేవారికే తెలుసు. అందుకే విడి స్వరాలతో పాటు కథ నడుస్తుండగా వాయించిన వరసలనూ పూర్తిగా రికార్డు చేయాలి.

తొందర పడాల్సిన కారణమూ ఉంది. సంప్రదాయ కిన్నెరకు ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, అలుగు పొలుసుల మెట్లు. అలుగును వేటాడటం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం నేరం, అది న్యాయమే. కాబట్టి ఆ మెట్ల మోత పాత వాద్యాల్లోనే దొరుకుతుంది.

ఇక డబ్బు. మన చట్టంలో ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్లు. కానీ విడివిడిగా మీటిన స్వరం ఆ హక్కు కిందికి వస్తుందా అన్న వాదన కోర్టు దాకా పోతే కిన్నెర కళాకారుడు తట్టుకోలేడు. ఒక్కరోజు కూలి ఇచ్చి పంపేస్తే, ఆ 208 ముక్కలు మరొకరి పాటల్లో ఏళ్ల తరబడి మోగుతూనే ఉంటాయి. అమ్మకంలో కళాకారుడికి ఎంత శాతమో మైకు పెట్టకముందే కాగితం మీద, ఆయన చదివించుకోగలిగే తెలుగులో రాయాలి.