కుదురుగా ఉండని కణాలు

1827లో రాబర్ట్ బ్రౌన్ నీళ్లలో చిందులేస్తుంటే చూసింది పుప్పొడి రేణువుల్ని కాదు, వాటి లోపలుండే ఇంకా చిన్న కణాల్ని! మిల్లీమీటరులో సుమారు 200వ వంతు పొడవుంటాయవి. ప్రాణముంది కాబట్టి కదులుతున్నాయేమోనని గాజునీ రాళ్లనీ, చివరికి ఈజిప్టు స్ఫింక్స్ రాతి ముక్కనీ నూరి నీళ్లలో వేసి చూశాడు. అన్నీ కదిలాయి. వృక్షశాస్త్రవేత్త అయ్యుండి తన ఊహను తానే ఇంత పట్టుదలగా పరీక్షించుకున్నందుకు బ్రౌన్ అంటే నాకు ఎంతో గౌరవం.

నీటి అణువులు కణాన్ని అన్ని వైపుల నుంచీ గుద్దుతూనే ఉంటాయి. ఏ క్షణంలోనూ రెండు వైపుల దెబ్బలు సరిసమానం కావు. ఆ కాస్త తేడాయే దాన్ని నెడుతుంది. ఇలా కదిలే కణం సగటున రెట్టింపు దూరం చేరాలంటే నాలుగు రెట్ల సమయం కావాలని 1905లో ఐన్‌స్టీన్ లెక్కగట్టాడు. ఫ్రాన్సులో జాఁ పెరిన్ గాంబోజ్ అనే పసుపు బంక రేణువులతో దాన్ని నిరూపించి, అవగాడ్రో సంఖ్యను రాబట్టాడు. అంతవరకూ పరమాణువుల్ని నమ్మని రసాయనశాస్త్రవేత్త ఓస్ట్‌వాల్డ్ 1909లో ఒప్పుకున్నాడు. పెరిన్‌కు 1926లో నోబెల్ వచ్చింది.

గాలిలోనూ ఇలాంటి తేడాలే ఉంటాయి. ఒక ఘన మైక్రాన్ గాలిలో దాదాపు 2.5 కోట్ల అణువులుంటాయి. ఆ లెక్క క్షణక్షణానికీ 5,000 అటూఇటూ అవుతుంటుంది, 2.5 కోట్లకు వర్గమూలం అంతే కదా! సూర్యకాంతి చెదిరి ఆకాశం నీలంగా కనబడేది ఈ హెచ్చుతగ్గుల వల్లే. గాలి సాంద్రత అంతటా అచ్చంగా ఒకేలా ఉంటే పగలు కూడా ఆకాశం నల్లగానే ఉండేది. 1921లో యూరప్ నుంచి ఓడలో తిరిగొస్తూ సి.వి. రామన్ సముద్రాన్ని పరిశీలించి, దాని నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదనీ, నీటి అణువులే కాంతిని చెదరగొడతాయనీ చూపాడు.

విద్యుత్తులోనూ ఇలాంటి కదలికే కనబడుతుంది. బ్యాటరీ తగిలించకపోయినా రెసిస్టర్ చివర్ల మధ్య వోల్టేజి వణుకుతూ ఉంటుంది. లోపలి ఎలక్ట్రాన్లకు వేడి వల్ల కలిగే కుదుపే కారణం. బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దీన్ని కొలిచి 1928లో ప్రకటించాడు, దాన్ని లెక్కగట్టే సూత్రాన్ని నైక్విస్ట్ ఇచ్చాడు. గది ఉష్ణోగ్రతలో వెయ్యి ఓముల రెసిస్టర్‌లో, 10 కిలోహెర్ట్జ్ పౌనఃపున్య వెడల్పులో కొలిస్తే, అది సుమారు 0.4 మైక్రోవోల్టు. కార్బన్ అయినా, రాగి అయినా, ఉప్పునీరైనా తేడా లేదు. నిరోధం, ఉష్ణోగ్రత సమానమైతే వణుకూ సమానమే. బ్రౌన్ రాళ్ల సంగతీ ఇదే కదా!

2019 మే 20 నుంచి ఉష్ణోగ్రత ప్రమాణమైన కెల్విన్‌కు ఆధారం 1.380649 × 10⁻²³ జౌల్/కెల్విన్ అనే, నైక్విస్ట్ సూత్రంలోనూ ఉండే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం. దాన్ని ఖరారు చేసేముందు చైనా, అమెరికా ప్రయోగశాలలు ఈ వోల్టేజి వణుకునుంచి కూడా దాని విలువను కొలిచాయి.