గాలివాన జాడ

వట్టి వానకును తుపానుకును భేదమెట్లు తెలియునని యడుగువారికి, మబ్బును గాక గాలిని చూడుడని నేను చెప్పుదును. మన బంగాళాఖాతపు తుపానులలో గాలి కేంద్రము చుట్టును అప్రదక్షిణముగా తిరుగుచు లోనికి చొచ్చును. కావున గాలికి వీపొగ్గి నిలిచినచో కేంద్రము మీ యెడమచేతి దిక్కున, కొంచెము ముందునకు నుండును.

తుపాను తూర్పునుండి మన తీరమునకు వచ్చునపుడు సాధారణముగా ఉత్తరపు గాలియో ఈశాన్యపు గాలియో ముందుగా పుట్టును. అది వాయవ్యమునకు, పడమటికి మరలినచో కేంద్రము మీ యూరికి ఉత్తరముగా పోవుచున్నది. తూర్పునకు, ఆగ్నేయమునకు మరలినచో దక్షిణముగా పోవుచున్నది. సముద్రమును గట్టుమీదికి తోయు గాలి యిదియే. 1864లో మచిలీపట్టణమున సుమారు 30,000 మందిని, 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టనబెట్టుకొన్నది ముఖ్యముగా ఉప్పెనయే గదా! రేడియోలో హెచ్చరిక వినబడినపుడు మాత్రము ఈ గుర్తులకై వేచియుండక మెట్టకు చేరవలెను.

దిక్కు మారక బలమే హెచ్చుచున్నచో కేంద్రము సూటిగా మీమీదికే వచ్చుచున్నదని యెరుగుడు. అట్టిచోట గాలి యొక్కసారిగా నిలిచి, ఆకాశము తెరపియిచ్చును. పశువులను చూచివత్తమని జనులు బయలుదేరునది అప్పుడే. వారిని పెద్దలు ఆపవలెను. ఏలయన కొంతసేపటికే గాలి యెదురుదిక్కునుండి మరల విరుచుకొనిపడును.