ఇంటి కంప్యూటర్‌కు కాపలా ఏది?
ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఎంపికలో తెలుసుకోవలసిన విషయాలు

అమలాపురం: కొబ్బరి వ్యాపారి జమాఖర్చులు, గల్ఫ్‌లో ఉన్న కుటుంబసభ్యుల పాస్‌పోర్టు ప్రతులు, పిల్లల ధ్రువపత్రాలు, పెళ్లి ఫొటోలు... ఒకప్పుడు బీరువాలో భద్రపరచినవన్నీ నేడు ఇంటి కంప్యూటర్‌లోకి చేరాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఎంతోమంది బ్యాంకు లావాదేవీలు, పరీక్షల దరఖాస్తులు ఇంటి నుంచే పూర్తి చేస్తున్నారు. అయితే బీరువాకు తాళం వేయడం మరువని వారు సైతం కంప్యూటర్ రక్షణను దానిని అమ్మిన దుకాణదారుడికే వదిలివేయడం కద్దు. ఏ రక్షణ ఎందుకో తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది, అవసరమైన జాగ్రత్త మిగులుతుంది.

రెండింటి పని వేరు

ఫైర్‌వాల్, యాంటీవైరస్ ఒకటేనని చాలామంది భావిస్తారు. అది సరికాదు. గోదావరి వరదను ఏటిగట్టు అడ్డుకుంటుంది. కావలసిన నీటిని మాత్రం తూము ద్వారా వదులుతారు. ఫైర్‌వాల్ చేసే పని అటువంటిదే. ఇంటర్నెట్ నుంచి కంప్యూటర్‌లోకి వచ్చే రాకపోకలను పరిశీలించి, మనం కోరని వాటిని గుమ్మం వద్దనే ఆపుతుంది. ఇక పెన్‌డ్రైవ్ ద్వారానో, ఈ-మెయిల్ ద్వారానో లోపలికి చేరిన ఫైళ్లలో హానికరమైన వాటిని గుర్తించి తొలగించడం యాంటీవైరస్ బాధ్యత. ఒకటి ఉన్నదని రెండవది మానుకోరాదు.

ఫైర్‌వాల్ విలువ 2003 ఆగస్టులో లోకానికి తెలిసివచ్చింది. ఆ నెలలో వ్యాపించిన బ్లాస్టర్ అనే వైరస్, ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, ఇంటర్నెట్‌కు కలిపినంత మాత్రాన కంప్యూటర్లలోకి ప్రవేశించింది. అప్పటి విండోస్ ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నప్పటికీ దానిని ఆన్ చేసి ఇవ్వలేదు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్-2 నుంచి అది దానంతటదే పనిచేయడం మొదలైంది.

పోలీసులకూ తప్పలేదు

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని కుదిపివేసింది. ఫైళ్లకు తాళం వేసి, విడిపించేందుకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించాలని బెదిరించడం దీని పద్ధతి. దాదాపు 150 దేశాల్లో వ్యాపించిన ఈ బెడద ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లనూ తాకింది. గమనించవలసిన విషయమేమంటే, ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే విడుదల చేసింది. దానిని వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ లోపం గుండా వాన్నాక్రై చొరబడలేకపోయింది. అందుచేత యాంటీవైరస్ కొనడానికి ముందే విండోస్ అప్‌డేట్లు సక్రమంగా వస్తున్నాయో లేదో చూసుకోవాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కంప్యూటర్ వాడేవారు విండోస్ 11కు మారే వీలుందేమో పరిశీలించుకోవడం మేలు.

డబ్బు పెట్టవలసిందేనా?

విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే యాంటీవైరస్, ఫైర్‌వాల్ రెండూ ఉచితంగానే ఉంటాయి. స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ని తెరిస్తే అవి పనిచేస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. పచ్చని టిక్ గుర్తులు ఉంటే సరి. జాగ్రత్తగా వాడుకునే సాధారణ కుటుంబానికి ఇవి చాలవరకు సరిపోతాయి. ఇతరుల పెన్‌డ్రైవ్‌లు తరచు వాడేవారు, పిల్లల వాడకంపై అదుపు కోరేవారు, ఇబ్బంది వస్తే ఫోనులో సాయం కావాలనుకునేవారు కొనుగోలు చేయవచ్చు. పుణెకు చెందిన క్విక్‌హీల్, చెన్నైకి చెందిన కె7 మన దేశపు సంస్థలే.

కొనేముందు చూడవలసినవి

* జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపేరెటివ్స్ సంస్థలు యాంటీవైరస్‌లను పరీక్షించి ఫలితాలను ఉచితంగా వెల్లడిస్తాయి. వైరస్‌ను పట్టే శక్తితో పాటు కంప్యూటర్ వేగం ఎంత తగ్గుతున్నదో కూడా వాటిలో చూడాలి. పాత కంప్యూటర్లకు ఇది ముఖ్యం.

* మొదటి ఏడాది ధర తక్కువగా ఉండి, రెండవ ఏడాది పెరగవచ్చు. రెన్యువల్ ధర ముందే అడగాలి. ఒక కీ ఎన్ని కంప్యూటర్లకు వర్తిస్తుందో తెలుసుకోవాలి.

* ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే ఒకదానికొకటి అడ్డుపడి కంప్యూటర్ మందగిస్తుంది. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ట్రయల్ గడువు తీరితే దానిని తొలగించాలి. అప్పుడు డిఫెండర్ తిరిగి బాధ్యత తీసుకుంటుంది.

* క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపమంటే, వైరస్‌కు తలుపు తీయమన్నట్లే.

* ఇంటర్నెట్ కనెక్షన్‌తో ఇచ్చే రౌటర్ కూడా ఒక కాపలాదారే. దానికి కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌ను తప్పక మార్చుకోవాలి.

ఇవి ఆపలేనివి

‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, ఈ నెంబరుకు ఫోను చేయండి’ అని తెరపై హఠాత్తుగా కనిపించే ప్రకటన మోసం. ఫోను చేసినవారి చేత కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే యాప్ వేయించి, ఖాతా ఖాళీ చేస్తారు. యజమానే స్వయంగా అనుమతి ఇచ్చి, ఓటీపీ చెప్పిన తరువాత ఫైర్‌వాల్, యాంటీవైరస్ పెద్దగా చేయగలిగినది ఉండదు.

ముఖ్యమైన ఫైళ్లకు మరొక ప్రతిని ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లో ఉంచి, పని కాగానే దానిని కంప్యూటర్ నుంచి వేరు చేయాలి. తగిలించి ఉంచితే రాన్సమ్‌వేర్ దానికీ తాళం వేస్తుంది. వేరుగా ఉన్న ప్రతి ఉంటే, ఎవరికీ రూపాయి చెల్లించకుండానే ఫైళ్లు తిరిగి పొందవచ్చు.

సోకితే ఏం చేయాలి?

అనుమానం కలిగిన వెంటనే ఇంటర్నెట్ తీసివేయాలి. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు మానుకొని, పాస్‌వర్డ్‌లను వేరొక పరికరం నుంచి మార్చుకోవాలి. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర వెబ్‌సైట్‌లో వైరస్ తొలగింపు సాధనాలు ఉచితంగా లభిస్తాయి. డబ్బు పోయినట్లయితే జాప్యం చేయక బ్యాంకుకు తెలిపి, 1930 నెంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు అందితే ఆ సొమ్ము దొంగల చేతికి చేరకుండా ఆపే అవకాశం అంత ఎక్కువ.