తవుటినుండి నూనెయు, ఓరిజనాలును

వరి పండించు రైతు ధాన్యమునకు వెల అడుగును, నూకలకు వెల అడుగును. తవుటికి మాత్రము ఇచ్చినంత పుచ్చుకొనును. మిల్లువాడు దానిని కూలిక్రింద ఉంచుకొనినను మారుమాటాడడు. గింజలోని నూనెలో అధికభాగము ఈ తవుటియందే యున్నదనియు, ఆ నూనెలో మిక్కిలి వెలగల పదార్థ మొకటి కలదనియు సభ్యులు గుర్తెరుగవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

100 కిలోల ధాన్యము ఆడించినచో సుమారు 20 కిలోల ఊకయు, 5 మొదలు 8 కిలోల వరకు తవుడును వచ్చును. పచ్చిబియ్యపు తవుటిలో నూటికి 15 మొదలు 20 పాళ్లు నూనె యుండును. ఉప్పుడుబియ్యపు తవుటిలో అంతకంటె హెచ్చు. పాత హల్లరు మరలలో ఊకయు తవుడును ఒక్కటిగా నలిగి వచ్చును గనుక అందు నూనెపాలు తక్కువ. ఊకను ముందు వేరుచేసి పిమ్మట పాలిషు పట్టు మిల్లుల తవుడే యీ పనికి తగినది.

నువ్వులనూనె పోసిన ఆవకాయ ఏడాది నిలుచుట మన ఇండ్లలో అందరు నెరిగినదే. ఉప్పు, కారము, ఆవపిండి చేయు మేలు కొంత, నూనెగుణము కొంత. గాలియందలి ప్రాణవాయువు సోకిన నూనె క్రమముగా చెడి పాడువాసన కొట్టును. నువ్వులనూనెలో సహజముగా నుండు కొన్ని పదార్థములు ఈ చెడుగును ఆలస్యము చేయును. అట్టివానికే అనామ్లజనకములని పేరు. తవుటినూనెలో ‘ఇ’ విటమిను జాతివియు, ఓరిజనాలు అనునదియు ఇట్టివే. ఓరిజనాలును 1954లో జపాను శాస్త్రజ్ఞులు కనెకో, త్సుచియా అనువారు ప్రకటించిరి. శాస్త్రమున వరికి గల ఒరైజా అను నామమునుబట్టి దీనికా పేరు వచ్చినది. మొదట ఒకే పదార్థమనుకొనిరి. పిదప పెక్కు పదార్థముల కూడిక యని తేలినది. ముడి తవుటినూనెలో ఇది నూటికి 1 మొదలు 2 పాళ్లుండును. మందులయందును, ఒంటికి పూయు లేపనములయందును దీనిని వాడుదురు.

ఇట్టి కావలివాండ్రుండగా తవుడేల త్వరగా చెడును? ఇక్కడనే పలువురు పొరబడుదురు. అనామ్లజనకములు గాలివలని చెడుగును మాత్రమే అడ్డగింపగలవు. లైపేజు అను ఎంజైము చేయు చెడుగు వేరు. గింజ పూర్ణముగా నున్నంతకాలము నూనె యొక పొరలోను, లైపేజు వేరొక పొరలోను ఉండి ఒకదాని నొకటి అంటవు. మరలో పొరలు నలిగిన క్షణముననే రెండును కలియును. నూనె విరిగి కొవ్వు ఆమ్లములుగా మారనారంభించును. పచ్చి తవుటినూనెలో ఈ యామ్లము దినమునకు నూటికి 5 మొదలు 7 పాళ్ల వరకు పెరుగుట కలదు. 10 పాళ్లు దాటినచో ఆ నూనెను వంటకు శుద్ధిచేయుట గిట్టదు, సబ్బుకే పోవును. శనివారము ఆడించిన తవుడు మంగళవారము లారీ యెక్కునప్పటికి దాని మంచి వెల గోడౌనులోనే కరగిపోయినదన్నమాట!

ఓరిజనాలు నష్టమగుటయు దీనివెంటనే వచ్చును. ఆమ్లము పెరిగినకొలది నూనెను శుద్ధిచేయుటకు కాస్టిక్ సోడా హెచ్చుగా పోయవలెను. సోడా ఆమ్లముతో కలిసి సబ్బుమడ్డి యగును. ఓరిజనాలులో చాలభాగము ఆ మడ్డిలోనికే దిగును. మడ్డిని ఆరబెట్టి, ద్రావకములతో కరగించి, దానిని తిరిగి రాబట్టు పద్ధతులున్నవి. సోడా లేకుండ, ముందు జిగురును తీసివేసి, పిమ్మట ఆవిరితో ఆమ్లమును వెళ్లగొట్టుట మరియొక మార్గము. ఇందు ఓరిజనాలు నూనెలోనే మిక్కుటముగా నిలుచును. జిగురును ఎంజైముతో తొలగించు విధానమును హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థ వృద్ధిచేసినది.

ఇవి ఇంటివద్ద చేయదగిన పనులు కావు. తవుడు గానుగకు లొంగదు. నూనె తీయుటకు వాడు హెక్సేను పెట్రోలువలె భగ్గున అంటుకొనును. చిన్న యంత్రముతో పెరటిలోనే ఓరిజనాలు తీయవచ్చునని చెప్పువారిని నమ్మి సొమ్ము పోగొట్టుకొనకుడు.

సంఘము చేయగలిగినది తవుడును చెడకుండ కాపాడుట. ఆడించిన దినముననే నూనెమిల్లుకు చేర్చుట అన్నిటికంటె సులభము. దూరమైనచో మరప్రక్కనే వేడిచేయవలెను. 1985లో అమెరికాలో ప్రకటింపబడిన పద్ధతి ననుసరించి తవుడును ఒత్తిడిమరలో 125 మొదలు 135 డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఒకటి మొదలు మూడు సెకండ్లు వేడిచేసి, 97 మొదలు 99 డిగ్రీలలో 3 నిమిషములుంచి చల్లార్చుదురు. మంగలములో పొడిగా వేయించిన చాలదా యని అడుగుదురు. చాలదు. తేమలేని వేడికి లైపేజు పూర్తిగా చావదు. తరువాత తేమ తగిలినచో మరల పనిచేయును. ఉప్పుడుబియ్యపు తవుటికి ధాన్యము ఉడికినప్పుడే యీ సంస్కారము జరిగియుండును గాన అది కొంత ఎక్కువకాలము నిలుచును.

ఆమ్లపరీక్షను కొనువాని నోటికే విడువరాదు. కొంచెము తవుటినూనె, ఆల్కహాలు, రెండు చుక్కల ఫినాల్ఫ్తలీను, బలము తెలిసిన సోడానీరు, గీతలు గల గాజుగొట్టము ఉన్న చాలును. హైస్కూలులో సైన్సు చదివిన గుమాస్తా దీనిని త్వరలోనే నేర్చుకొనును.

తవుడంతయు అమ్మినచో గేదెల కేమి పెట్టవలెనను ప్రశ్న న్యాయమైనదే. నూనె తీసిన తవుటిలో మాంసకృత్తులు పోవు, కొవ్వు మాత్రము పోవును. పాడిగేదెకు దానితో తెలకపిండియో వేరుసెనగచెక్కయో కలుపవలెను. ఇంటి పశువులకు చాలినంత తాజాతవుడు ముందు తీసి యుంచుకొని, మిగిలినది అమ్ముటయే మేలని మా అభిప్రాయము. ఇకమీదట సంఘపు మిల్లులో తవుటి లెక్కపుస్తకమున తూకముతోపాటు ఆడించిన తేదియు, గంటయు వ్రాయుచుండుడు. బేరమునాడు పరీక్షాఫలితమును దాని కెదురుగా వేసికొనవచ్చును.